చాటింపు

అర్ధరాత్రి దాటింది.
తాతయ్యగుంట వైపు నుంచి డప్పు.
గంగమ్మ చాటింపు వేస్తున్నారు:
ఊళ్ళోవాళ్ళు పొలిమేర దాటొద్దని,
బయటివాళ్ళు రాత్రికి ఉండిపోవద్దని,
ప్రతి సందు మొగదలా అదే మాట.

ఆసుపత్రి కింద, ఏసీ చలిలో
శాలువా కప్పుకుని
నేనూ ఒక చాటింపు రాస్తున్నాను.
ఇరవై మూడు సర్వర్లు.
ఒక్కోదానికి ఒక్కో కాపలావాడు.
ఎంతమంది కావాలో అంకె వెయ్యలేదు,
ఎన్ని గడపలుంటే అంతమంది అని రాశాను.
రేపెప్పుడో ఇరవై నాలుగోది వచ్చి
అట్టపెట్టె వాసనతో రాక్‌లో కూర్చుంటే
దాని గడపలోనూ డప్పు మోగుతుంది,
నన్ను నిద్ర లేపకుండానే.

పనులు పంచే షెడ్యూలర్‌కి మొహమాటం లేదు.
బంతిలో ఆకులు వేసే పెద్దమనిషిలా
ఎక్కడ ఖాళీ ఉందో కంటితోనే కొలుస్తుంది,
లేకపోతే లేదంటుంది.

ఇంతకాలం ఈ కాపలా కోదండానిది.
గంటకోసారి చెప్పులు బయట విడిచి వచ్చి
ఒక్కోదాని వీపు మీద అరచెయ్యి ఆనించేవాడు,
పిల్లకి జ్వరం చూసినట్టు.
గీతల పుస్తకంలో పెన్సిలుతో రాసేవాడు.
ఆరు, బాగుండాది.
పదకొండు, ఫ్యాను గురక పెడతాండాది.
పదిహేడు, వేడి జాస్తి.
ఆ చివరి మాట
పద్నాలుగు పేజీలుగా అట్లాగే ఉంది.
కింద నా సంతకమూ ఉంది, ప్రతి పేజీలో.
చదవకుండా పెట్టినది.

ఎంటర్ నొక్కాను.
తెర మీద పచ్చచుక్కలు.
ఒకటి. మూడు. ఉన్నట్టుండి తొమ్మిది.
కాసేపు ఏమీ లేదు,
తర్వాత చినుకులు పడ్డట్టు గబగబా
ఇరవై రెండు.

పదిహేడు దగ్గర చుక్క లేదు.
ఎరుపూ కాదు, పసుపూ కాదు.
ఖాళీ.

పోయిందనుకున్నాను.
పిలిచి చూస్తే పలికింది.
మరి ఏమైందని షెడ్యూలర్ని అడిగితే
ఒక్క ముక్క చెప్పింది:
చోటు లేదు.

నూట ఇరవై ఎనిమిది ఎంబీ.
కాపలావాడు అడిగింది అంతే,
గడప పక్కన గోనెపట్టా పరుచుకునేంత.
మూడో అంతస్తు ఐసీయూ రక్తపరీక్షలు,
ఎక్స్‌రేలు, మందుల బిల్లులు,
మారిపోయిన మేనేజరెవరో అడిగిన
గంటగంటకీ ఒక రిపోర్టు,
అన్నీ దాని నెత్తినే.
ఎట్లున్నావని అడిగేవాడు
వచ్చి నిలబడ్డానికి కూడా వీల్లేకుండా
మోస్తున్నది.
అటువంటి దాన్నే
బాగుందనుకున్నాం ఇన్నాళ్ళూ,
నోరెత్తలేదు గనక.

కోదండం టీ గ్లాసులతో వచ్చాడు.
తెర చూశాడు, నన్ను చూశాడు.
"రాస్తానే ఉండా గదమే" అన్నాడు, అంతే.
కోపంగా అని ఉంటే బాగుండేది.

కాపలావాడి వరస మార్చాను,
యాభై నుంచి తొంభైకి.
షెడ్యూలర్ క్షణం ఆలోచించి
ఎవరూ తెరవని ఆ రిపోర్టుని
భుజం పట్టి బయటికి పంపింది.
పట్టా పరుచుకుంది.
పదిహేడు నుంచి మొదటి మాట:
తొంభై ఒక్క డిగ్రీలు.

డప్పు కొర్లగుంట మీదికి మళ్ళినట్టుంది.
ఇద్దరం టీ ముట్టుకోలేదు.
"వీళ్ళందరూ మేలుకోనే ఉండారని
ఎవురు చూస్తారు మళ్ళ?" అన్నాడు.
దానికీ ఒకటి పెట్టొచ్చని చెప్పబోయి,
దాని మీద ఇంకొకటి అని చెప్పబోయి,
ఊరుకున్నాను.

అతను చెప్పులు విడిచాడు.
పదిహేడు వీపు మీద చెయ్యి ఉంచి
కళ్ళు మూసుకున్నాడు.
"తగ్గతాండాది."

తెర మీద ఇంకా తొంభై ఒకటే.
పదిహేను సెకన్లకోసారి చెప్పమని
నేనే రాశాను దానికి.
లెక్కపెడుతూ కూర్చున్నాను,
పన్నెండు, పదమూడు, పద్నాలుగు,

ఎనభై నాలుగు.

అతను అప్పటికే
పెన్సిలు చెవి మీది నుంచి తీసి
రాసేసుకున్నాడు.